పడుగు అయిపోంగనే

మా బిల్డింగులో లిఫ్టు చెడిపోయి నెల దాటింది. సూరత్‌లో మా అమ్రోలి వైపు ఇలాంటి బిల్డింగులు వరసగా ఉంటాయి, అన్నిటికీ ఒకటే రంగు, అన్నిట్లో ఒకటే రకం లిఫ్టు. చెడిపోవడానికి మాత్రం మాది దొరికింది. మేముండేది ఐదో అంతస్తు. నాకూ మా అమ్మాయికీ మెట్లు ఆయాసమే తప్ప ఆపద కాదు. ఆపదంతా మా అమ్మకి. మోకాళ్లు అరిగిపోయిన మనిషి. లిఫ్టు నడిచినన్నాళ్లూ రోజూ సాయంత్రం కిందికి దిగి, గేటు పక్క సిమెంటు బెంచీ మీద కూర్చుని, వచ్చేపోయే ఆడవాళ్ల చీరలు చూసి ఏది ఎక్కడి నేతో, ఏది రెండు ఉతుకులకు పీలికలవుతుందో వాళ్ల మొహం మీదే చెప్పేది. ఇప్పుడు ఆ బెంచీని బాల్కనీలోంచి చూస్తూ కూర్చుంటోంది. కిందికి దిగితే మళ్లీ ఎక్కలేనేమోనని భయం.

పోయిన ఆదివారం పార్కింగులో సొసైటీ మీటింగు పెట్టారు. బిల్డరు తన తరఫున ఒక మనిషిని పంపాడు. ఇస్త్రీ చొక్కా, నోట్లో సోపు గింజలు, ఎవరు అరిచినా చెదరని నవ్వు. లిఫ్టు సంగతేమిటని అందరూ ఒక్కసారిగా మీదపడ్డారు. "కామ్ చాలూ జ ఛే" అన్నాడు, పని నడుస్తూనే ఉందని. మరి ఆ పాడైన పార్టు సంగతేమిటన్నాం. "పార్టు వచ్చిన మర్నాడు మీలో ఎవరైనా ఒక్క మెట్టు ఎక్కితే నన్నడగండి" అన్నాడు. ఆ మాటకి జనం చల్లబడ్డారు, వెనకాల ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నేను ఊరుకోక మా అమ్మ సంగతి చెప్పాను. అతను అయ్యో అన్నట్టు మొహం పెట్టి, "బా కీ ఉమర్ కిత్నీ?" అనడిగాడు, బా అంటే ఇక్కడ అమ్మ, ఆమె వయసెంతని. అంత చిన్న ప్రశ్నకి నేను తడబడ్డాను. డెబ్బై అన్నాను, కాదు ఇంకా ఎక్కువే అన్నాను. నేను కోతలు కోస్తున్నానని అనుకున్నాడో ఏమో, నవ్వు కాస్త పెద్దది చేసుకుని పక్కవాళ్ల వైపు తిరిగాడు.

పైనుంచి కేక వినిపించింది. "ఏమన్నడే?"

బాల్కనీ కమ్మీలు పట్టుకుని అమ్మ. నేనూ మెడ పైకెత్తి అరిచాను, పార్టు వచ్చిన మర్నాడు నడుస్తుందన్నాడని.

"పార్టు వస్తదన్నడా?"

ఆలోచిస్తే, అనలేదు.

"మరింకేంది. మెలిక పెట్టిండు వాడు" అని అమ్మ లోపలికి వెళ్లిపోయింది. మీటింగులో ఒక్క ముక్క వినకుండా, ఐదో అంతస్తు నుంచి, అంతమందికి తెలియనిది తేల్చేసింది. మా అమ్మాయి నా మోచెయ్యి లాగి, "మమ్మీ, మెలిక అంటే ఝూఠ్ ఆ?" అంది. కాదే అన్నాను. "తో గోళ్ గోళ్ వాత్?" అంది, గుండ్రంగా తిప్పే మాటా అని. అదీ కాదన్నాను. మరేమిటో చెప్పమంది. ఆ పిల్ల ఈ ఊళ్లోనే పుట్టింది, మూడు భాషలూ ఒకే వాక్యంలో కలిపి వండుతుంది, కానీ అడిగిందంటే వదలదు. మెట్లెక్కుతూ చెప్పడం మొదలుపెట్టి రెండో అంతస్తుకే ఆయాసం వచ్చి ఆపేశాను. ఆ మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

నిఘంటువులు ఏం చెబుతాయో నాకు తెలియదు. మా ఇంట్లో మెలిక అనేది మొదట నోటికి సంబంధించింది కాదు, దారానికి సంబంధించింది. దారానికి పురి పెడతారు కదా, ఆ పురి కాస్త ఎక్కువైందనుకోండి, రెండు కొసలూ లాగి పట్టుకున్నంతసేపూ ఆ దారం గీత గీసినట్టు తిన్నగా కనిపిస్తుంది. చేతులు కొంచెం దగ్గరికి తెచ్చారా, మధ్యలో తనను తానే చుట్టేసుకుని పురుగులా ముడుచుకుపోతుంది. అదే మెలిక. ముడి కాదు, ముడైతే గోటితో విప్పొచ్చు. తెగింది కాదు, తెగితే అతకొచ్చు. దారం బాగానే ఉంది, దాని దోషం దాని లోపలే ఉంది. అట్లాంటి మాట కూడా ఒకటుంటుంది. అబద్ధం కాదు, పట్టుకుని కోర్టుకెక్కినా ఓడిపోతాం. గుండ్రంగా తిప్పేవాడు కనీసం బయల్దేరిన చోటికైనా తీసుకొచ్చి వదిలిపెడతాడు. డొంకతిరుగుడువాడి మాట పొడుగు సాగుతుంది కాబట్టి మధ్యలోనే మనకి అనుమానం వస్తుంది. మెలిక పెట్టేవాడి మాట పొట్టిగా, తిన్నగా, వినడానికి హాయిగా ఉంటుంది. విన్నవాడు తనకు కావలసింది తనే అందులో పెట్టుకుని సంతోషంగా ఇంటికెళతాడు.

ఈ విద్యలో మా బాపుని, అంటే మా నాన్నని, మించినవాడిని నేను సూరత్ అంతటిలోనూ చూడలేదు. "నా నోట అబద్ధం రాదు" అని ఆయనకు మహా గర్వం. నిజంగానే రాలేదు కూడా. పండగ సెలవు ముందు సేఠ్ పిలిచి రేపు పనికి వస్తావా అని అడిగితే, "హమ్ నహీ ఆయేగా తో మెషిన్ కౌన్ చలాయేగా సేఠ్?" అనేవాడు. సేఠ్ దాన్ని వస్తాననే అర్థం చేసుకునేవాడు. మర్నాడు బాపు ఇంట్లో కాళ్లు చాపుకుని బజ్జీలు తినేవాడు. ఆ తర్వాత సేఠ్ నిలదీస్తే, నేనొస్తానని ఎప్పుడన్నాను, మెషిన్ ఎవరు నడుపుతారా అని నాకూ దిగులుగానే ఉండి అడిగానని చెప్పేవాడు. వాడకట్టులో ఎవరైనా పెళ్లికి పిలిస్తే, "మీరు పిలిచినంక రాకుంట ఉంటరా ఎవలన్న?" అనేవాడు. పిలిచినవాళ్లు పొంగిపోయేవాళ్లు. ఇదంతా మాకు నవ్వులాటగా ఉండేది. ఇలాంటి మాటే ఒకటి అమ్మకి కూడా ఇచ్చి ఉన్నాడని, ఆమె అందులోనే కాపురం చేస్తోందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అమ్మది ఉత్తర తెలంగాణలో ఒక నేతగాళ్ల ఊరు. వాళ్లింటి ముందు గదిలో గుంట మగ్గం ఉండేది. ఆ మగ్గానికి నేల తవ్వి గుంట చేస్తారు, నేసే మనిషి గట్టు మీద కూర్చుని కాళ్లు అందులోకి వదిలి పలకలు తొక్కాలి. ఆ గుంటని మా తాత అమ్మ చిన్నప్పుడు ఆమె కాళ్ల పొడుగు కొలిచి తవ్వించాడట. కొడుకుండగా కూతురికి కొలిచాడంటే ఆమె చెయ్యి ఎలాంటిదో మీరే అనుకోండి. పెళ్లయ్యాక సూరత్ బయల్దేరేటప్పుడు, మగ్గం విడిచి రానని అమ్మ మొండికేసింది. అప్పుడు బాపు అందరి ముందూ అన్న మాట ఇది. "ఎవలు ఇడువమన్నరు? నా పడుగు అయిపోంగనే వచ్చేద్దాం." మా మేనమామ, అమ్మకి తమ్ముడు, అక్క వచ్చేదాకా గుంట అట్లాగే ఉంచుతానని మాటిచ్చాడు. అమ్మ రాగి బిందె, ఇత్తడి తాంబాళం, మగ్గం మీద దారం అటూ ఇటూ విసిరే తన నాడె గోనెసంచిలో పెట్టి మూతి కుట్టేసి రైలెక్కింది.

పడుగంటే మగ్గం మీద నిలువునా సాగే దారాల వరస. అమ్మ వాళ్ల ఊళ్లో ఒక పడుగు నేసి దించాక మగ్గం కొన్నాళ్లు ఖాళీగా ఉంటుంది. కొత్త పడుగుకి నూలు ఆసు పోయాలి, వీధి పొడుగునా పరిచి గంజి పెట్టాలి, ఎండాలి, ఆ తర్వాతే పాత దారాల కొసలకు అతికేది. వాన పట్టిందంటే ఇంకా ఆలస్యం. ఆ ఖాళీలోనే వాళ్ల బతుకంతా జరిగేది. పెళ్లిచూపులు, చుట్టరికాలు, పుట్టింటి ప్రయాణాలు, పంటి నొప్పికి మందు కూడా పడుగు దిగాకే. కాబట్టి పడుగు అయిపోంగనే అంటే అమ్మకు మూటా ముల్లే సర్దుకోవడమే. ఆ మాటకి ఇంకో అర్థం ఉండొచ్చని ఆమె కలలో కూడా అనుకోలేదు. బాపు అప్పటికే సూరత్ ఖాతాల్లో, అంటే మరమగ్గాల షెడ్లలో, పని చేసి ఉన్నాడు. ఇక్కడ పడుగు బీము మీద చుట్టుకుని తయారుగా వస్తుందని, పాతది అయిపోకముందే కొత్తది వాకిట్లో దింపుతారని, మగ్గం ఖాళీగా ఉండటమనేది ఉండదని ఆయనకు బాగా తెలుసు.

మేముండింది సూరత్‌లోనే వడోద్‌లో, పొడుగాటి చాలీలో ఒక గది. కిటికీ లేదు. తలుపు తీస్తే నడవ, నడవకి అటు ఇంకో తలుపు. పక్క వీధి ఖాతాల చప్పుడు గోడలోంచి పగలంతా వచ్చేది, గిన్నెలో నీళ్లు వణికేవి. ఆ గదిలో మేము కాపురం చెయ్యలేదు, ప్రయాణానికి కూర్చున్నాం. గోడకి ఒక్క మొల లేదు, ఎందుకంటే వెళ్లిపోతాం కదా. బట్టలు మంచం కోళ్ల మధ్య తాడు మీద వేలాడేవి. క్యాలెండరు గోడకి ఆనించి నేల మీద నిలబెట్టి ఉండేది, దాని మీద కాలు పడ్డప్పుడల్లా దేవుడికి దండం పెట్టుకునేవాళ్లం. గోనెసంచి మంచం కింద మూతి కుట్టినట్టే ఉండేది. ఊళ్లో పిల్లలందరికీ స్కూలు బట్టలు రెండేళ్లు వచ్చేట్టు వదులుగా కుట్టించేవాళ్లు. నాకు మాత్రం అమ్మ ఒంటికి అతుక్కునేట్టు కుట్టించేది, "ఒచ్చే యేడు ఈడ ఉండం గద" అని. ఆరు నెలలు తిరిగేసరికి చంకల్లో పట్టేసేది. చెయ్యెత్తి జవాబు చెప్పబోతే కుట్లు పటపటమనేవి, అందుకని జవాబు తెలిసినా చెయ్యెత్తేదాన్ని కాదు. మందమతినని టీచరు తేల్చేసింది. అమ్మ కూడా అంతే, గుజరాతీ నేర్చుకోలేదు, హిందీ నేర్చుకోలేదు, ఎదురింటి మరాఠీ ఆమె పలకరిస్తే తల ఊపి లోపలికొచ్చేసేది. "ఇడిశిపెట్టి పోయేటోళ్లతోని దోస్తీ ఎందుకు" అనేది. విడిచిపెట్టి పోయేది తను కదా అని నాకు అప్పుడు తట్టలేదు. పొద్దున్నే నడవలో నిలబడి ఆ చివరా ఈ చివరా చూసి మళ్లీ లోపలికి వచ్చే అమ్మని తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఊపిరాడనట్టు ఉంటుంది.

నాకు పదేళ్లప్పుడు ఒకరోజు మధ్యాహ్నం బాపుకి అన్నం డబ్బా పట్టుకుని ఖాతాకి వెళ్లాను. అన్ని మగ్గాలూ దడదడలాడుతుంటే బాపు మగ్గం ఒక్కటే ఊరుకుని ఉంది. పడుగు అయిపోయింది! ఊరికి వెళుతున్నాం, వదులు గౌను వేసుకోవచ్చు. దగ్గరికి వెళ్లి చూస్తే మగ్గం వెనకాల ఇద్దరు కూర్చుని, కొత్త బీము దారాల్ని పాత దారాల కొసలకు ముడేస్తున్నారు. వేళ్లు కనబడటం లేదు, అంత వేగం. బాపు పక్కన నిలబడి బీడీ కాలుస్తున్నాడు. ఆయన అన్నం తిని చెయ్యి కడుక్కునేసరికి మగ్గం మళ్లీ మొదలైంది. నేను ఇంటికొచ్చి చూసింది చూసినట్టు చెప్పాను. అమ్మ ఎల్లిపాయలు ఒలుస్తోంది.

"మగ్గం ఎంతసేపు ఆగిందే?" అంది.

"బాపు అన్నం తినేంతసేపు" అన్నాను.

అమ్మ ఎల్లిపాయలు పక్కన పెట్టింది. గిన్నెలు తోమడానికి ఖాతా నుంచి తెచ్చిన దారపు చెత్తలోంచి ఒక పోగు తీసి, కొసలు రెండూ వేళ్లతో మెలేసి, లాగి పట్టుకుంది. "గిది ఎట్లున్నది?" తిన్నగా ఉందన్నాను. చేతులు దగ్గరికి తెచ్చింది. పోగు ముడుచుకుపోయింది. "గిది మీ బాపు మాట" అంది. ఆమె గొంతులో కోపం కూడా లేదు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలియకుండానే.

ఆ సాయంత్రం బాపు రాగానే అడిగేసింది. "పడుగు అయిపోయిందా, కాలేదా?"

"నడిచేదాన్ని అయిపోయిందని ఎట్ల జెప్పాలె? నా నోట అబద్ధం రాదు" అన్నాడు బాపు, చెప్పులు విడుస్తూ.

కంచం ఆయన ముందు పెట్టిన చప్పుడుకి ఎదురింటి మరాఠీ ఆమె తలుపు తీసి చూసింది. పోట్లాట మాత్రం అంతే. నేను పెద్దయ్యాక అడిగాను, అంతా తెలిసినా ఎందుకు ఊరుకున్నావని. "రాను అంటె నేనొక్కదాన్నే పోదును. ఒస్త అంటె ఎదురుచూద్దును. రెండు గాకపాయె, ఎటు పోవాలె నేను?" అంది. తాళం వేసిన గది అయితే తలుపైనా బాదొచ్చు. మా తలుపు బార్లా తెరిచే ఉండేది, అదే చిక్కు.

మధ్యలో మా మేనమామ వీధి చివరి ఎస్టీడీ బూతుకి ఫోన్ చేసి కబురుపెట్టేవాడు, అమ్మ నన్ను వెంటేసుకుని వెళ్లేది. ఆయన తన మగ్గం పని ఎప్పుడో మానేసి ఇంటి పక్కనే చిన్న కిరాణా పెట్టుకున్నాడు. గుంట మాత్రం మాట ప్రకారం ఉంచాడు. ఒకసారి ఆయన గట్టిగానే అడిగాడు, బూతు బయట నిలబడ్డ నాకు కూడా వినిపించేంత గట్టిగా. "గుంట పూడ్చమంటవా, ఉంచమంటవా, జర ఒక్క మాట చెప్పరాదు అక్కా!"

అమ్మ ఫోను వైరు వేలికి చుట్టుకుంటూ, "పూడ్చినంక మల్ల తవ్వుడు కష్టం గద తమ్మీ" అంది.

ఆ మాటలో నాకేమీ వింతగా అనిపించలేదు. మా ఇంటి మాటలన్నీ అట్లాగే ఉండేవి.

నేను కాలేజీలో చేరిన యేడు సేఠ్ పాత మగ్గాలు తుక్కు కింద అమ్మేసి, కడోదరా వైపు కొత్త మిషన్లు పెట్టాడు. ఉన్న బీములు నేసి దించెయ్యమన్నాడు, కొత్తవి రావన్నాడు. ఆ రోజు బాపు మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చాడు. చివరి దారాల కుచ్చు ఆయన మణికట్టుకి చుట్టుకుని ఉంది, ఎందుకు తెచ్చుకున్నాడో ఆయనకే తెలియదు. గుమ్మంలోనే నిలబడిపోయాడు. అమ్మ ఆ కుచ్చు చూసింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

ఇన్నేళ్లలో మా ఇంట్లో అంత తిన్నటి ప్రశ్నా, అంత తిన్నటి జవాబూ నేను వినలేదు. అమ్మ వంగి మంచం కింద గోనెసంచి లాగింది. బాపు మొహం పాలిపోయింది. మణికట్టు మీది కుచ్చు విప్పుకుంటూ, "నువ్వు పిల్లను తీసుకొని ముందల నడువు. నీ ఎనుకనే ఒస్త గద" అన్నాడు. ఎంత వెనక అనేది చెప్పలేదు. అమ్మ కూడా అడగలేదు.

రైల్లో అమ్మ మొహం చూడాల్సింది. కిటికీ పక్కన కూర్చుని గాలికి జుట్టు రేగుతుంటే సర్దుకోలేదు. ఎదురు సీటావిడకి అడక్కుండానే మగ్గం సంగతులు చెప్పింది. నేను మొదటిసారి మా అమ్మ పళ్లన్నీ చూశాను. ఊళ్లో దిగి మామ ఇంటి గడప దాటేసరికి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

ముందు గది నిండా గుంటే. దాని మీద చెక్కలు పరిచి ఉన్నాయి, ఒకటి రెండు పుచ్చిపోయి పక్కకి జరిగాయి. మంచం వేయడానికి చోటు లేక మామ పిల్లలు వంటింట్లో పడుకుంటున్నారు. బియ్యం బస్తాలు వసారాలో తడుస్తున్నాయి. మా అత్తమ్మ కుంటుతూ మంచినీళ్లు తెచ్చింది. పోయిన వానాకాలంలో బిందెతో సహా గుంటలో పడిందట, మడమ దగ్గర ఎముక సరిగా అతుక్కోలేదు. ఈ సంగతి మామ ఫోన్లో ఎన్నడూ చెప్పలేదు. తిండయ్యాక అత్తమ్మ చెంగు బొడ్లో దోపుకుని అమ్మ ఎదురుగా కూర్చుంది. మామ వద్దు వద్దని కళ్లతో సైగ చేస్తున్నాడు, ఆమె అటు చూడలేదు.

"వదినె, కోపం చెయ్యకు. ఈ గుంట సుట్టు తిరుగుకుంటనే నేను ముసల్దాన్నయిత ఉన్న. పిల్లకు సంబంధమొస్తె ఆళ్లు గుంట సుట్టు కాళ్లు ముడుసుకొని కూసున్నరు, బాయి కాడ కూసున్నట్టు." అంటూ నవ్వబోయింది, నవ్వు ఏడుపయింది. "నువ్వొస్త అంటె ఇంకో పదేండ్లు ఉంచుత, నీ పుట్టిల్లు. రాను అంటె బండలు పరిపిస్త. ఏదో ఒక్కటి చెప్పు. నీ తమ్ముడు నిన్ను అడుగలేక సస్తున్నడు."

అమ్మ లేచి చెక్కలు ఒక్కొక్కటే తీసింది. గోనెసంచి కుట్లు పళ్లతో కొరికి నాడె బయటికి తీసి ఒళ్లో పెట్టుకుని, గట్టు మీద కూర్చుని కాళ్లు గుంటలోకి వదిలింది. పలకలు లేవు, మగ్గం కర్రలు అటకెక్కాయి. పాదాలు అడుగున ఆనాయి. "సూశినవానె, ఇప్పటికి గూడ సరిగ్గ సరిపోయినయ్" అంది నాతో, చిన్నపిల్లలా. ఒళ్లో నాడెని అటూ ఇటూ తిప్పింది. తర్వాత తల ఎత్తకుండానే అంది.

"నేను రానని నాకెప్పుడో ఎరుకైంది తమ్మీ. రాను అని నోటితోని అంటె ఇగ నాకేం మిగుల్తదని అనలే. ఆయన నాకు పెట్టిన మెలికే నేను నీకు పెట్టిన. ఆమె కాలు ఇరుగగొట్టిన." ఊపిరి తీసుకుని, "పూడ్చు" అంది.

అమ్మ ఏడ్చింది. పెద్దగా, ఎవరున్నారో చూసుకోకుండా. అత్తమ్మ ఆ కుంటికాలుతోనే గుంటలోకి దిగి ఆమెను పట్టుకుంది. మర్నాడు బండి మీద మట్టి వచ్చింది. మామ మొదటి తట్ట పొయ్యలేక నిలబడిపోతే అమ్మే తీసుకుని పోసింది. ఆ సాయంత్రం పచ్చి మట్టి మీద చాప వేసుకుని మామ కూతురు చదువుకోవడం చూసి, "గది ఎంత పెద్దగున్నదే!" అని అమ్మే ముందుగా ఆశ్చర్యపోయింది.

బాపు వెనకనే రాలేదు, వస్తాడని ఎవరూ అనుకోలేదు. మేమే తిరిగి వచ్చాం. వచ్చిన రోజు అమ్మ చీర కూడా మార్చుకోకుండా కొట్టుకెళ్లి మొలలు తెచ్చింది. బిందే తాంబాళమూ బయటికి తీసి మంచం మీద పెట్టింది. రోటి పొత్రం ఎత్తి గోడకి మొల కొట్టడం మొదలుపెట్టింది. సున్నం పెచ్చులు రాలుతున్నాయి, నడవంతా తలుపులు తెరుచుకుంటున్నాయి. అప్పుడే బాపు కొత్తగా కుదిరిన పనిలోంచి వచ్చాడు.

"ఏందే గిది, కిరాయి గోడకు? మనం పోయేటోళ్లం గద" అన్నాడు, అలవాటు కొద్దీ.

"పోము. గుంట పూడ్చిచ్చి ఒచ్చిన."

బాపు నిలబడ్డవాడు మంచం పట్టె మీద కూలబడ్డాడు. రాలిన సున్నం పెచ్చులు కాలితో పక్కకి నెట్టాడు. చివరికి నేల వైపు చూస్తూ అన్నాడు. "నేను ఎన్నడు పోదామనుకోలే. నీ చెయ్యి ముందల నా చెయ్యి ఆగదు, మీ ఊరందరికి ఎరుకే. ఆడికి పోతె నువ్వు నేస్తవ్, నేను నీ పక్కన కూసొని నీ నాడెకు కండెలు సుట్టాలె. జనం నవ్వుతరు. గదే నా భయం."

ఇంతేనా! ఒక గది, కిటికీ లేని ఇన్ని ఏళ్లు, నా బిగుతు గౌన్లు, అత్తమ్మ కాలు, అంతా ఈ భయానికా అని నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ పొత్రం పట్టుకున్న చెయ్యి కిందికి దించింది.

"ముందుగాలే చెప్పరాదు?" అంది. "చెప్పుంటె నేనే నీ పక్కన కూసొని కండెలు సుడుదును గద."

బాపు మొహం చేతుల్లో దాచుకున్నాడు. అమ్మ ఇంకో రెండు దెబ్బలు వేసి మొల గట్టిగా ఉందో లేదో లాగి చూసి, క్యాలెండరు నేల మీంచి తీసి తగిలించింది. అది రెండేళ్ల నాటిది. చూసి అమ్మకే నవ్వొచ్చింది.

ఆ తర్వాత మా ఇంట్లో పనులన్నీ ఒక్కసారే జరిగాయి. షెల్ఫు వచ్చింది, నడవలో డబ్బాలో పుదీనా వచ్చింది, ఎదురింటి మరాఠీ ఆమె వచ్చి మా మంచం మీద కూర్చుంది. అమ్మ ఆమె దగ్గర హిందీ, కూరగాయలామె దగ్గర గుజరాతీ నేర్చుకుని రెండూ కలిపి తన భాషలోనే మాట్లాడింది. బాపు ఇంకా చాలా ఏళ్లు ఉన్నాడు, బయటివాళ్లకి మెలికలు పెడుతూనే ఉన్నాడు, అమ్మ దగ్గర మాత్రం ఔనంటే ఔను, లేదంటే లేదు. పోయేముందు ఆస్పత్రిలో అమ్మ నయమవుతుందా అని అడిగితే, డాక్టర్లు నీళ్లు నములుతుంటే, ఆయనే చెప్పాడు. "కాదు. నువ్వు ధైర్యంగుండు."

ఇక లిఫ్టు సంగతి. ఇవాళ సాయంత్రం బిల్డరు మనిషి మళ్లీ వచ్చాడని బాల్కనీలోంచి చూసింది అమ్మ. చెప్పులేసుకుంది. నేను వద్దంటే వినలేదు. ఒక పక్క నేను, ఒక పక్క మా అమ్మాయి, ప్రతి అంతస్తులోనూ మెట్టు మీద కూర్చుంటూ లేస్తూ దిగాం. కిందికి చేరేసరికి ఆమె చీర చెమటకి తడిసిపోయింది. నేరుగా అతని ముందుకెళ్లి నిలబడింది.

"భాయ్, ఏక్ వాత్ బోలో. పార్టు ఆవశే కే నహీ?"

వస్తుందా రాదా అని అడిగేసరికి అతను నవ్వాడు. కామ్ చాలూ అన్నాడు. అమ్మ కదల్లేదు. అతని నవ్వు మెల్లగా ఆరిపోయింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "నహీ బా. ఇంకా ఆర్డరే ఇవ్వలేదు" అన్నాడు హిందీలో. చుట్టూ జనం భగ్గుమన్నారు, అతని మీద విరుచుకుపడ్డారు. అమ్మ మాత్రం, "బస్, గింతే గద. గట్ల చెప్పు" అని అతని భుజం తట్టి, సిమెంటు బెంచీ దగ్గరికి నడిచి కూర్చుంది. కింది ఇంట్లో ఒక గది కిరాయికి ఉందేమో రేపు కనుక్కోమని నాతో చెప్పింది. మా అమ్మాయితో, ఆ గోడ గట్టిదేనా, మొల దిగుతుందా చూడమంది. ఆ పిల్ల నిజంగానే వెళ్లి గోడ తట్టి చూసింది.

ఆ గోల కాస్త సద్దుమణిగాక, వెళ్లబోతూ అతను నా దగ్గర ఆగి మళ్లీ అడిగాడు, బా వయసెంతని. మళ్లీ తడబడ్డాను. పుట్టిన యేడు లెక్కేసి చెప్పొచ్చు, కానీ మా ఇంట్లో కాలం నడవడం మొదలైంది ఆ మొల కొట్టిన సాయంత్రం నుంచే. అంతకుముందు ఆమె ఎదురుచూసిన ఏళ్లను వయసులో కలపాలో, తీసెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు.